ఊడిన ప్లగ్గు

ఇంటి ముందు వ్యాను బానెట్ ఎత్తి ఉంది. కూతురు లోపలికి వంగి చూస్తోంది. తండ్రి టార్చి పట్టుకున్నాడు.

“ఇంజెక్టర్ పోయిందన్నావుగా నాన్నా? ఇది బాగానే ఉంది. దీని కరెంటు ప్లగ్గు ఊడింది. అందుకే ఇంజన్ అలా కొట్టుకుంటోంది.”

“కుదుపులకి ఊడుంటుందిలే.”

“క్లిప్పు నొక్కితే గానీ రాదు.”

“అయితే ఎలకలు.”

“ఎలకలు వైర్లు కొరుకుతాయి, క్లిప్పులు నొక్కవు.”

“ఎలాగూ కొత్తది తెచ్చావుగా, మెల్లగా మార్చు. రేపు బండి కొనడానికి వచ్చేవాణ్ణి వచ్చే వారం రమ్మందాం.”

“ఈ క్లిప్పు తీయడం మనింట్లో ఇద్దరికే వచ్చు నాన్నా. నేను తీయలేదు.”

టార్చి వెలుతురు పక్కకి జరిగింది.

“నాలుగు ఇంజెక్టర్ల ప్లగ్గులూ పీకేద్దామనే మొన్న రాత్రి వచ్చానే. ఇన్నేళ్లు అన్నం పెట్టిన బండి... ఒకటి తీసేసరికే చేతులాడలేదు.”