డెబ్బై అయిదు అంగుళాల బొమ్మ

హలో… ఆ, నేనే. చెప్పరా తమ్ముడూ. పోలీస్ స్టేషన్‌లోనే ఉన్నావా? అక్కడే ఉండు, కదలకు.

నేనా… టీవీల కొట్లో ఉన్నాను.

…అరవకు. నాకు పిచ్చేం పట్టలేదు. ముందు విను. మీ బావ, మతిమరుపు మనిషి, ఇంట్లోంచి వెళ్ళిపోయి రోజు దాటింది. అదీ, నేను మిషన్ ముందు యూనిఫాంలు కుడుతూ తల దించుకున్న అయిదు నిమిషాల్లో… సరే, ఏడవను. విను.

బస్టాండ్ కెమెరా వీడియో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు కదా… ఆ, అదే. నా దగ్గరే ఉంది. నీ ఫోన్‌లో చూస్తే మనుషులు చీమల్లా ఉన్నారు. ఇన్‌స్పెక్టర్ ఏమన్నాడు? ‘ఈ బస్సెక్కింది మీ ఆయనేనని గట్టిగా చెప్పండమ్మా, అప్పుడే జీపు పంపుతా, అంతదూరం ఊరికే పంపలేను’ అన్నాడా, లేదా? మరి ఎలా చెప్పను? ఆయనలాగే గళ్ళ చొక్కా వేసుకున్నవాళ్ళు ముగ్గురున్నారు!

…ఇంట్లో ఎలా చూడను? మా డబ్బా టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టే చోటు ఎక్కడేడిచింది?

…అవును, కొంటానని అబద్ధమే చెప్పాను. ఈ సేల్స్ ఆవిడ పాపం, హాలు ఎంత పొడుగు, కుర్చీకీ గోడకీ ఎంత దూరం, కిటికీ ఎటువైపు అని అడుగుతుంటే నోటికొచ్చింది చెప్పాను. నలభై మూడు అంగుళాలది చూపించింది. చాలదన్నాను. యాభై అయిదు… అదీ చాలదన్నాను. ‘ఇంట్లో ఎంతమంది చూస్తారమ్మా’ అంది. ‘ఇద్దరమే’ అన్నాను. అనేసరికి ఫ్రిజ్‌ల మధ్య నిలబడి భోరుమన్నాను.

…చెప్పేశాను. అంతా చెప్పేశాను. డెబ్బై అయిదు అంగుళాల దాని దగ్గరికి తీసుకొచ్చి, పెన్‌డ్రైవ్ తనే పెట్టింది.

…ఎక్కడ! దగ్గరికెళ్తే మొహమంతా చుక్కలు చుక్కలు. హెచ్‌డీ అంటే కనురెప్పలు కూడా లెక్కపెట్టొచ్చని ఊదరగొడతారు కదా… ఈవిడేమందో తెలుసా? ‘కెమెరాకే కనబడనిది టీవీ ఎలా చూపిస్తుందమ్మా’ అంది. నిజమే కదా. నాకెందుకు తట్టలేదు? పెద్ద టీవీ అయితే ఆయన మొహం పెద్దగా కనబడుతుందనుకుని, ఊళ్ళో కొట్లన్నీ దాటుకుని ఇంత పెద్ద కొట్టు వెతుక్కుంటూ వచ్చానురా… ఎంత తెలివితక్కువదాన్ని…

…రాను. ఇంకోసారి చూస్తాను. పదకొండుసార్లు అయితే పన్నెండోసారి! నువ్వు లైన్లో ఉండు చాలు. అమ్మా… ఇంకొక్కసారి వెయ్యవా? మొదట్నుంచి…

ఆ… బస్సొచ్చింది. తోసుకుంటున్నారు. మొదటి గళ్ళ చొక్కా… ఊహూఁ, వీడు తాడిచెట్టంత ఉన్నాడు. రెండోవాడికి ఇంత పొట్ట. మూడో ఆయన—

ఆపమ్మా! ఆపు! అక్కడే ఆపు!

తమ్ముడూ, జేబు! …జేబురా! కుడివైపుంది! …మొహం సంగతి వదిలెయ్! ఇన్నిసార్లూ మొహాలే చూస్తూ కూర్చున్నాను! మీ బావది ఎడమచేతి వాటం కాదూ? ఎడమచేత్తో తీసుకోడానికి వీలుగా ఆయన చొక్కాలకి జేబు కుడివైపే వేస్తాను. ముప్పై ఏళ్ళుగా నేనే కుడుతున్నాను. ఏ కొట్లోనూ అలాంటిది దొరకదు. ఆయనే! చెప్పు ఇన్‌స్పెక్టర్‌కి… గట్టిగానే చెబుతోందని చెప్పు!

…లేచాడా? జీపు తీస్తున్నారా? …ఎక్కడ దిగి ఉంటాడంటే నాకేం తెలుసు… ఉండు, ఈవిడ మళ్ళీ నడిపిస్తోంది.

ఎక్కాడు. ఎక్కి… మెట్టు మీదే ఆగిపోయాడు. వెనక్కి తిరిగాడు. చెయ్యి… చెయ్యి చాపాడురా.

…ఎవరికేంటి, నాకే. నా మోకాళ్ళు పాడైనప్పట్నుంచి తను ముందెక్కి నన్ను పైకి లాగుతాడు. నా పేరు మర్చిపోయాడు. అన్నం తిన్న సంగతి మర్చిపోతాడు. ఇది మాత్రం… జనం ఆ చేతిని పక్కకి నెట్టి ఎక్కేస్తున్నారు. ఇంకా చాపే ఉంచాడు. …బస్సు కదిలిపోయింది.

…లేదు, ఏడవట్లేదు. విను. మధ్య స్టాపుల్లో ఎక్కడా వెతకొద్దని చెప్పు. ఏ బస్సెక్కినా ‘దిగండి’ అని నేనే చెప్పాలి. నేను చెప్పేదాకా ఆయన సీట్లోంచి లేవడు. సరాసరి చివరి స్టాపుకి పొమ్మను. …కండక్టర్ దించేసినా అంతే, దూరం పోడు. నేనింకా దిగలేదని అక్కడే, ఆ బస్సులు ఆగేచోటే నిలబడి ఉంటాడు. నిన్నట్నుంచీ నిలబడే ఉంటాడురా…

…వద్దు! నేను లేకుండా వెళ్ళకండి. మీరెవరు పిలిచినా రాడు. జీపు ఆపు, వచ్చేస్తున్నా… పెట్టేస్తున్నా.