నాలుగు జీబీలో పట్టని ఓబులేసు

అధ్యక్ష స్థానంలో ఉన్న మన ప్రిన్సిపాల్ ఈశ్వర్ గారికి, పెద్దలకు, ఇన్నేళ్లూ నా చేత పాస్‌వర్డులు మార్పించుకున్న తోటి ఉద్యోగులకు, లింగాల నుంచి వచ్చి ముందు వరుసలో కూర్చున్న గంగులమ్మ గారికి, ఈ డేవిడ్ నమస్కారాలు.

దండ బరువుగా ఉంది, తీసి పక్కన పెడతాను. ఇరవై ఆరేళ్లు ఈ పులివెందుల కాలేజీలో కంప్యూటర్లు చూసుకుని ఈరోజు రిటైరవుతున్నాను. సర్వర్ గదిని మీలో చాలామంది చూసి ఉండరు. బయట చీనీకాయల తోటలు ఎండకు వాడిపోతున్నా లోపల ఏసీ సన్నగా ఊదుతూ, చిన్న పచ్చ దీపాలు మినుకుమినుకుమంటూ, ఎప్పుడూ తెల్లవారుజామే అన్నట్టుండేది. అక్కడ కూర్చుంటే నాకు కునుకు పట్టేది. (నవ్వులు) నవ్వకండి కళ్యాణి మేడమ్, మీరు ఫోన్ చేసినప్పుడల్లా ‘చూస్తున్నాను’ అన్నది ఆ కునుకులోంచే.

మనందరం ఫైళ్లు దాచుకునే డ్రైవు ఆ గదిలోనే ఉంది. దానికి రెండు పట్టింపులు. ఒక్కో ఫైలు నాలుగు జీబీ మించితే తీసుకోదు. మొత్తం జాగా నిండితే ఇక ఏదీ తీసుకోదు.

ఆరేళ్ల కిందట చరిత్ర విభాగం పద్మావతి మేడమ్ లింగాల పోయి, గొర్రెల కాపరి ఓబులేసు గారు మూడు గంటలు పాడిన కులకథను వీడియో తీసుకొచ్చారు. అది ఆరు జీబీ. డ్రైవులో మిగిలింది నాలుగున్నర. రెండు ముక్కలు చేసినా పట్టదు, ఎవరివో కొన్ని తీసేయాలి. అప్పటికి నలభై జీబీలు ప్రిన్సిపాల్ గారి మనవరాలి పుట్టినరోజు ఫోటోలే. (నవ్వులు) మిమ్మల్ని అడగడానికి నాకు నోరు రాలేదు సార్. అడిగితే తీసేసేవారేనని ఇప్పుడు తెలుసు.

అడగలేక, పాటకూ పాటకూ మధ్య ఆయన ఊరికే కూర్చున్న చోట్లన్నీ కత్తిరించేశాను. ఫైలు చక్కగా పట్టింది. నా తెలివిని నేనే మెచ్చుకుని, కెమెరా కార్డులోని అసలు వీడియోను తుడిచేసి, కార్డును వార్షికోత్సవానికి ఇచ్చేశాను.

నిరుడు ఓబులేసు గారు పోయారు. ఆయన భార్య గంగులమ్మ గారు ఆ పాట చూస్తానని వచ్చారు. చూసి, “పాట ఉండాది గానీ మా ఆయప్ప యాడప్పా? పాడి పాడి నిలిపి, గొర్రెల పక్క చెవి పెడతాండె. నా పక్క చూస్తాండె. అదంతా ఏమాయ?” అన్నారు. యంత్రం చెడిందన్నాను. అబద్ధం. అప్పటినుంచి కునుకు పట్టిందంటే చాలు, ఎక్కడో గొర్రెలు కదులుతున్నట్టు, ఎవరో ఊపిరి తీసుకుని మళ్లీ పాడబోతున్నట్టు ఉంటుంది. పాట మాత్రం రాదు.

పోయిన ఆదివారం చర్చి అయ్యాక లింగాల పోయి ఉన్నదంతా చెప్పేశాను. ఆమె తిడతారనుకున్నాను, తిట్టారు కూడా. “ఎంత పని చేసినావప్పా!” అని తనివితీరా తిట్టి, మజ్జిగ ఇచ్చి, “ఆయప్ప యాడాడ నిలిపేదీ నాకు తెలుసు. ఆ పాట ఉండే పెట్టె పట్టుకోని రా. నేను నిలుపంటే నిలుపు, పాడనీ అంటే పాడనీ” అన్నారు.

కొత్త డ్రైవు వస్తోందట, ఎంతైనా పడుతుందట, సంతోషం. రేపటినుంచి నా ఉద్యోగం మాత్రం లింగాలలోనే. ఆమె నిలపమన్న చోట వీడియో నిలుపుతాను. ఆ కాసేపూ ఇద్దరం ఏమీ మాట్లాడకుండా కూర్చుంటాం.

మీరందరూ చూపిన అభిమానానికి చేతులెత్తి మొక్కుతున్నాను. గంగులమ్మ గారూ, ఇంతమంది ఎదుట అడుగుతున్నాను, నన్ను మన్నించండమ్మా.

(ముందు వరుస నుంచి గంగులమ్మ: “సరేలేప్పా, దిగు. పోదాం పా, ఆయప్ప కాచుకోనుంటాడు.”)

వస్తాండానమ్మా. అందరి దగ్గరా సెలవు.