ప్రశ్నకు పుట్టిన నీళ్లు

నేను చెప్పేది అబద్ధమని ఎవురన్నా అంటే, ఈ పాకాలలో నా ఎదురుగా నిలబడి అనమను ఇంజనీరు సారూ. నువ్వంటావా? అనవులే, ఈ టీ అంగడి బల్ల మీద కూసో. ఎమ్మెల్యే కారును ఒంటిచేత్తో ఆపినోడ్ని నేను, పరుపులు కుట్టే నాయబ్ రసూల్‌ని. దాని వెనకాల ఇంకా పదిహేను కార్లు నిలబడిపోయినాయి. సరే, రెండనుకో.

ఆ పొద్దు నేనడిగింది ఒకటే. మా వీధికి ట్యాంకు కట్టి మూడేండ్లాయె, చుక్క రాలే, ఇది అసెంబ్లీలో అడగతావా లేదా అని. ఆయన అడిగితే మంత్రి లేచి జవాబు చెప్పాల. ఆ జవాబు మీ ఆఫీసే రాసి పంపాల.

ప్రశ్న రేపు వస్తాదంట. నీళ్లేమో ఈ పొద్దే వచ్చినాయి. నీకేమీ అనిపించలేదా సారూ?

ఏమంటావు, పైపు బాగు చేసినారా? ఎప్పుడు? గడ్డపార సద్దు కూడా వినపడలేదే. కాట్పాడిలో రైలు కూతేస్తే ఈడ లేచి కూసునే చెవులు నావి.

'నీళ్లు వస్తా ఉండాయి' అని ఈ కాగితం మీద నేను సంతకం పెట్టాలనా? పెడితే రేపు మంత్రి ఏం చదువుతాడో నేను చెప్తా విను. ట్యాంకు కట్టిన మాట వాస్తవమేనా? అవునండీ. నీళ్లు రావడం లేదన్న మాట వాస్తవమేనా? కాదండీ. అయితే బాధ్యులెవరు? ప్రశ్న ఉత్పన్నం కాదు. అంతే, మా వీధి కథ కంచికి.

మా కోడలు ఇఫ్ఫత్‌కు ఏడో నెల. రైలు పట్టాలు దాటి బిందె మోసుకొస్తాది. మొన్న గూడ్సు బండి అడ్డం నిలబడుంటే కిందనుంచి దూరి వచ్చింది. ఈ ఉత్పన్నం సంగతి ఆ పిల్లకు నువ్వు చెప్తావా?

తొందరెందుకప్పా, టీ తాగు. సంతకం యాడికీ పోదు.

ఆఁ, సూసినావా. నీ గ్లాసు సగం కాలేదు, కొళాయి ఆగిపాయె. మోటరు కాలిందని మాత్రం చెప్పబాక. ట్యాంకు నింపే బోరుకు మోటరుంటే కదా కాలేదానికి.

ఆ ఎమ్మెల్యేను కూడా నేను నమ్మను. పేరు పిలిచేటప్పటికి సభలో ఉంటాడో, క్యాంటీన్లో ఉంటాడో. ఉంటే మాత్రం, మంత్రి కూసోకముందే ఇంకొకటి అడగమని ఇందాకే ఫోన్లో చెప్పినా. ఆ నీళ్లు యాడనుంచి వచ్చినాయని.

సాక్షి యాడ అంటావా? తెల్లారకముందే మా ట్యాంకు పైకి నీళ్లెక్కించి, నువ్వు కూసున్న ఆ బల్ల మీదే టీ తాగిపోయినాడు. మీ ట్యాంకరు డ్రైవరు, మునికుమార్.