జబ్బు లేనోళ్ల శాంపిల్

మిర్యాలగూడలో కిడ్నీ జబ్బుల మీద పరిశోధన చేసే చిన్న ల్యాబులో, ప్రొఫెసరు తన కొత్త విద్యార్థినిని పక్కకు పిలిచాడు.

“పోల్చి చూడనీకి తీసిన జబ్బు లేనోళ్ల మూత్రం శాంపిళ్లల్ల ఒకదాంట్ల ప్రొటీన్ పోతున్నది. ఎవరిదమ్మా గది?”

“నాదే సార్. ఒకటి తక్కువైతే నాది పెట్టిన.”

“మళ్ల చూసిన. గట్లనే వచ్చింది. రేపు దవాఖానకు పోదాం.”

“రేపు త్రిపురారంల శాంపిళ్లు తియ్యాలె గద సార్.”

“త్రిపురారం యాడికీ పోదు.”

“మరి నా జాగల ఎవరిది పెడదాం?”

“నాది పెట్టు.”

“మీకు షుగర్ ఉంది సార్.”

ఆయన జాబితాలో ఆమె శాంపిల్ కొట్టేశాడు.

“అమ్మకు ఏమని చెప్పాలె సార్?”

“జబ్బు జల్ది దొరికింది, మందులతోని ఆపొచ్చని చెప్పు.”

“మీరే చెప్పుండ్రి. నేను చెప్తె ఏడుపొస్తది.”

నంబరు ఆమే నొక్కి, ఫోను ఆయన చేతికిచ్చింది.