మొదటి మూర

1985 వేసవిలో ఒక పొద్దున, ఎమ్మిగనూరులో ఒక నేతగాడు కొత్త పడుగు మీద నేస్తున్నాడు. హాకీ క్యాంపుకు ఎంపికైన అతని కూతురు పక్కనే కూర్చుని సంచి సర్దుకుంటోంది.

“ఆడ గ్రౌండులో గడ్డి ప్లాస్టిక్‌దంట నాయనా.”

“నేసిందా, అంటించిందా?”

“తివాచీ మాదిరి కుచ్చులు కుట్టింటారంట. రెండు రకాలు. ఒకదాన్ని నీళ్లతో తడిపి ఆడతారు. ఇంకోదాంట్లో కుచ్చుల నడాన ఇసుక పోసింటారు.”

“ప్లాస్టిక్ గడ్డికి నీళ్లెందుకు?”

“జారి పడితే తోలు లేసిపోకుండా.”

“మీరు ఆడేది తడిపేదేనా?”

“కాదు, ఇసుకది.”

మగ్గం ఆగింది.

“ఆ కత్తెర ఇట్లియ్యి పాపా.”

“ఎందుకు? నేసింది ఇంకా మూరే కదా!”

“ఆ మూరే కావాల. రెండుగా చించి, మడతలేసి మోకాళ్లకు కడతా.”

“ఇప్పుడు కోస్తే పోగులన్నీ మళ్లీ ముడేసుకోవాల.”

“ఏసుకుంటాలే.”

“కొత్త పడుగులో మొదటి మూర నీలకంఠస్వామిదని నువ్వే సెప్తావు. తాత నాటినుంచీ ఒక్కసారీ తప్పలేదే!”

“స్వామి కిందపడడులే పాపా. కాలు ఇట్ల సాపు.”