బోర్డు ఎక్కకముందే

బెంగళూరు బళేపేటలో గాజుల అంగడి తలుపు తీసీ తీయకముందే, పక్కంగడి తాళాలాయన ఒకే కాఫీని రెండు గ్లాసుల్లో బై టూ పోయించుకొని వచ్చి కూర్చున్నాడు. ఏనాడూ గడప తొక్కని మనిషి కాఫీతో వచ్చేసరికి గాజులాయనకు అనుమానం పుట్టింది.

“పేపర్ చూస్తివా అప్పా? రెండు పెద్ద దేశాలు సముద్రంలో యుద్ధం ఓడలు ఎదురెదురుగా నిలిపినాయంట,” అన్నాడు తాళాలాయన.

“చూసినా. ఓడలు కదలకముందే కూర్చొని మాట్లాడుకోవాల్సింది. బాంబు పడినాక మాటలెందుకు?”

“నువ్వూ అదే అంటావా?”

“అనకేం? వాళ్లకు బై టూ అలవాటు లేదప్పా. ఒక కాఫీ ఇద్దరూ తాగితే కోపం ఎక్కడుంటాది?”

“అట్లయితే ముందు తాగు.”

“సంగతేంది?”

“రేపు నా అంగడికి కొత్త బోర్డు వస్తా ఉండాది.”

“ఎంత పెద్దది?”

“నీ బోర్డు కనపడనంత. ఇంకా ఎక్కించలేదు. ఓడ కదలకముందే వచ్చినా.”

గాజులాయన కాఫీ తాగేసి గ్లాసు కింద పెట్టాడు.

“నాదీ ఎల్లుండి వస్తా ఉండాది. నీ దానికన్నా రెండడుగులు పెద్దది.”

“నాకు చెప్పనే లేదే!”

“ఇన్నాళ్లూ నువ్వు కాఫీ తేలేదు కదప్పా.”

ఇద్దరూ ఖాళీ గ్లాసుల్లోకి చూసుకున్నారు.

“ఇంకో బై టూ చెప్పేదా?” అన్నాడు తాళాలాయన.

“బై టూతో తెగేది కాదప్పా ఇది. చెరొక ఫుల్ కాఫీ చెప్పు.”