కవచం రెండు

మణికొండలో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్. పాచికలేసి కథ నడిపే పాత ఆటను అక్కడుండే ఒక అమ్మాయి కొత్త నియమాల్లోకి మార్చింది. ఆదివారం మొదటి ఆట ముగిసి, ఆమె, ఆటలో కూర్చున్న ఒక పెద్దాయన తప్ప అందరూ వెళ్లిపోయారు. చనిపోయిన తన భార్య పదేళ్లు ఆడిన యోధురాలి పాత్ర ఆ రోజు ఆటలో చచ్చిపోవడంతో, దాని వివరాలున్న కాగితాన్ని ఆయన చించబోతుంటే ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"అంకుల్, జర ఆగుండ్రి! చింపకుండ్రి."

"పాత్ర చస్తే కాగితం చింపుడే బిడ్డా. మీ ఆంటీ పెట్టిన రూలే గది."

"మూడు దెబ్బలకే పడిపోయిందేంది? ఆంటీ ఆడినప్పుడు గిట్లనే పడేదా?"

"ఎన్నడు పడలే. కొత్త ఆట కష్టమేమో అనుకున్న."

"పాత కాగితం ఒక్కసారి ఇటియ్యుండ్రి... కవచం రెండు. కొత్త ఆటల నేను గూడ రెండే ఎక్కించిన."

"రెండంటే మస్తు గట్టిది. అంకె తగ్గితే బలం పెరుగుతది."

"కొత్త రూల్స్‌ల ఉల్టా అంకుల్. అంకె పెరిగితేనే బలం. పద్దెనిమిది రాయాలె. ఆమెను నేనే చంపిన."

అమ్మాయి తల దించుకుని కళ్లు తుడుచుకుంది.

"మీ ఆంటీ పాల పాకెట్ తెచ్చేందుకు గూడ స్వెట్టర్ లేకుండ పోయేది కాదు. నువ్వేమో కవచం లేకుండనే యుద్ధానికి పంపినవ్."

"తప్పు నాదే అంకుల్."

"శత్రువుకు పాచికల ఎంతెంత పడ్డయి?"

"పన్నెండు, పదిహేను, పదిహేడు."

"పద్దెనిమిది కవచానికి ఎన్ని తాకుతయి?"

"ఒక్కటి గూడ తాకదు, ఏదీ పద్దెనిమిదికి అందలే."

ఆయన కాగితం మడతలు సాపు చేసి, పాచికను ఆమె ముందుకు జరిపారు.

"ఇగ ఏడుపెందుకు? ఇప్పుడు ఆమె వంతు. నువ్వే ఎయ్యి."